పోర్ట్ లూయీలో ఒక రోజు

పిల్లలూ!

ఈ నెల మన "దిక్సూచి" శీర్షికకు రాజమండ్రి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది ఏడవ తరగతి చదువుతున్న అమ్మాయి. "తాతగారూ! మే నెలలో నాన్నగారు మమ్మల్ని మారిషస్ దీవికి తీసుకువెళుతున్నారు. ఆరు రోజులు ఉంటాము. అయిదు రోజులు సముద్రపు ఒడ్డునే గడుపుతామట. ఒక్క పూట మాత్రం పోర్ట్ లూయీ పట్టణానికి పోయి బజారు చేసుకుని వస్తామట. ఆ ఊళ్లో చూడదగినవి ఏమన్నా ఉన్నవా? ఉంటే ఏది ముందు, ఏది వెనుక చూడాలి?" అని అడిగింది.

మంచి ప్రశ్న అడిగావమ్మా! జవాబు చెప్పేముందు నా పొరపాటు ఒకటి ఒప్పుకుంటాను. ఉద్యోగం విరమించిన కొత్తలో నేనూ ఆ ఊరు వెళ్లాను. ముప్ఫై యేళ్లు పిల్లలకు భూగోళం చెప్పినవాడిని గదా, వేరే విచారణ ఎందుకు అనుకున్నాను. ఆ ఊళ్లో అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసిన చోటు ఒకటి ఉన్నది. తిన్నగా అక్కడికే పోయాను. గేటుకు తాళం వేసి ఉన్నది! ఆ రోజు ఆదివారం. మరునాడే తిరుగు ప్రయాణం. ఊచల సందుల్లోంచి లోపలి రాతిగోడలు చూసి వెనక్కు తిరిగాను. అందుచేత మొదటి మాట: పోర్ట్ లూయీ వెళ్లే రోజు ఆదివారమూ, అక్కడి సెలవు దినమూ కాకుండా చూసుకోండి. రెండో మాట: ఒక పూట చాలదు, ఒక పూర్తి రోజు కావాలని నాన్నగారిని అడుగు. ఎందుకు అడగాలో ఇప్పుడు చెబుతాను.

ముందు అందరూ పటం తీయండి. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్ దీవికి తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరాన ఒక చిన్న చుక్క కనబడుతుంది. అదే మారిషస్. దాని పొడుగు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. భూమధ్యరేఖకు దక్షిణాన 20 డిగ్రీల దగ్గర ఉన్నది. కాబట్టి మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. వణికించే చలి కాదు, సాయంకాలానికి ఒక పలుచని ఉన్ని చొక్కా ఉంటే చాలు. అక్కడ తుపానులు ఎక్కువగా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వస్తాయి. మన బంగాళాఖాతపు తుపాను గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగితే, భూమధ్యరేఖకు ఆవలి తుపాను ముల్లు తిరిగిన వైపే తిరుగుతుంది. మీ నాన్నగారు మంచి కాలమే ఎంచుకున్నారు.

ఇప్పుడు పోర్ట్ లూయీ ఎక్కడ ఉన్నదో చూడండి. దీవికి వాయవ్య మూల. అక్కడే ఎందుకు కట్టారు? దీనికి జవాబు పుస్తకంలో కాక, ఒక పళ్లెంలో చూడవచ్చు. వెడల్పయిన పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ ఒక రాయి పెట్టండి. అది దీవి. రాయికి మీ వైపున ఒక కాగితపు పడవను, అవతలి వైపున ఇంకొక పడవను ఉంచి, మీ వైపు నుంచి మెల్లగా ఊదండి. మీ వైపు పడవ రాయికి అంటుకుపోతుంది. అవతలి పడవ సులువుగా దూరం పోతుంది.

మారిషస్‌లో ఏడాది పొడుగునా ఎక్కువగా వీచేది ఆగ్నేయపు గాలి. 1598లో డచ్చివారు ఆగ్నేయ తీరంలోనే దిగారు. తమ రాకుమారుడు మారిస్ పేరు దీవికి పెట్టారు. ఆ రేవులోకి తెరచాప ఓడలు రావడం తేలిక, బయటికి పోవడం కష్టం. 1710లో డచ్చివారు దీవిని వదిలిపోయారు. 1715లో ఫ్రెంచివారు దానిని తమదన్నారు. 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్దొనే వాయవ్యపు రేవును గొప్ప పట్టణంగా తీర్చాడు. వెనుక కొండలు గోడలాగా నిలిచి గాలిని ఆపుతాయి. బయలుదేరే ఓడను అదే గాలి వెనుకనుంచి తోస్తుంది. ఫ్రాన్సు రాజు లూయీ పేరు ఊరికి వచ్చింది.

అయితే పిల్లలూ, గవర్నరు ఊరు కట్టించాడని మనం అంటాము. రాయి మోసినది ఎవరు? ఆఫ్రికా నుంచీ, మడగాస్కర్ నుంచీ పట్టి తెచ్చిన బానిసలు. పుదుచ్చేరి ప్రాంతం నుంచి వచ్చిన పనివాళ్లూ వారితో ఉన్నారు. 1810లో దీవి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. మరి చెరకు తోటల్లో పని ఎవరు చేయాలి? తోటల యజమానులు మన దేశం వైపు చూశారు. ఈ సంగతి మనసులో పెట్టుకుని, ఇక మన రోజును ఇలా పంచుకుందాము.

పొద్దున్నే సిటడెల్ అనే కోట ఎక్కండి. ఊరికి నడుమ చిన్న గుట్టమీద ఉన్నది. 1834లో మొదలుపెట్టి 1840లో ముగించారు. పైనుంచి చూస్తే రేవు, ఓడలు, వీధులు, 1812 నాటి గుర్రపు పందేల మైదానం, వెనుక కొండల వరుస పటంలాగా కనబడతాయి. మీ నోటు పుస్తకంలో ఆ పటం గీసుకోండి. గాలి ఏ వైపు నుంచి వస్తున్నదో ఒక బాణం గుర్తు వేయండి. మొత్తం చూసి తరువాత భాగాలు చూడడం మంచి పద్ధతి.

తరువాత కిందికి దిగి తిన్నగా రేవు అంచుకు రండి. నేను తాళం చూసి తిరిగి వచ్చిన చోటు అదే. పేరు ఆప్రవాసీ ఘాట్. 1849లో కట్టడం మొదలుపెట్టిన వలస కూలీల విడిది అది. 1834 నవంబరు 2న కూలీలతో 'అట్లస్' అనే ఓడ పోర్ట్ లూయీ చేరింది. అది మొదలు 1920 దాకా మన దేశం నుంచి దాదాపు 5 లక్షల మంది ఈ దీవికి వచ్చారు. విడిది కట్టిన తరువాత వచ్చినవారు ఇక్కడి రాతిమెట్లు ఎక్కే దీవిలో అడుగుపెట్టారు. ఒకటి రెండు రోజులు ఇక్కడ ఉంచి, ఒక్కొక్కరికి ఒక అంకె వేసి, తోటలకు పంపేవారు. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

మొదటి ఒప్పందాల్లో మగవాని జీతం నెలకు 5 రూపాయలు, గడువు 5 సంవత్సరాలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. నెలలో నాలుగు రోజులు జ్వరం వచ్చి పడుకున్నవాడికి ఎన్ని రోజుల జీతం పోతుందో లెక్క వేయండి. ఆ లెక్క చేసిన తరువాత ఆ మెట్లు చూస్తే, అవి వట్టి రాళ్లుగా కనబడవు.

దగ్గరలోనే లాబూర్దొనే నాటి సైనికుల ఆసుపత్రి కట్టడం ఉన్నది. బానిసత్వపు కథ చెప్పే మ్యూజియం దానిలో ఉన్నది. ఘాట్ చూసినవారు అది కూడా చూడాలి. మనవాళ్ల కష్టం ఒక్కటే తెలుసుకుని, అంతకుముందు ఆ రాళ్లు మోసినవారి కష్టం విడిచిపెట్టడం న్యాయం కాదు.

మధ్యాహ్నం బజారు. నాన్నగారి పని అప్పుడు చూసుకోవచ్చు! అక్కడ 'గాతో పిమా' అని పప్పు రుబ్బి, మిరపకాయలు వేసి, నూనెలో వేయించి అమ్ముతారు. పేరు ఫ్రెంచిది, రుచి మాత్రం మన వడ.

తరువాత రేవు పక్కనే ఉన్న బ్లూ పెన్నీ మ్యూజియం. 1847లో మారిషస్‌లో అచ్చయిన తపాలా బిళ్లలు ఇక్కడ ఉన్నాయి. ఒకటి నారింజ రంగు, ఒకటి నీలం. ఒక్కొక్క రకం 500 మాత్రమే అచ్చు వేశారు. అసలు బిళ్లల మీద ఎప్పుడూ దీపం ఉంచరు, కొద్దిసేపే వెలిగిస్తారు. కాంతి తగిలి రంగు వెలిసిపోతుందని. ఆ వేళ ఎప్పుడో ద్వారం దగ్గరే అడగండి. అంతరించిన డోడో పక్షి ఎముకలున్న మ్యూజియం కూడా ఈ ఊళ్లోనే ఉన్నది. అది తెరిచి ఉన్నదో లేదో ముందే కనుక్కోండి. తలుపు మూసి ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు!

ఇక ఇంకొక సంగతి. ఆ దీవిలో మన తెలుగువారిని చాలాకాలం 'కోరింగీలు' అని పిలిచారు. మన గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరే అది. ఒకప్పుడు అక్కడ పెద్ద ఓడలు కట్టేవారు. 1789లోనూ, 1839లోనూ తుపానులు దానిని దెబ్బతీశాయి. నది మేట వేసింది. మారిషస్‌లో ఈనాటికీ ఉగాది ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు చెబుతారు. తెలుగు ఇళ్లలో రామభజనలు జరుగుతాయి.

కోరంగికి దగ్గరలో ఒక బడిలో నేను కొంతకాలం పనిచేశాను. ఒకనాడు ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఇక్కడికి ఓడలు వచ్చేవట గదా, వాటిల్లో ఎవరు వెళ్లారండీ?" అన్నాడు. "రేవు పూడిపోయిందిరా, కూర్చో" అని పాఠంలోకి వెళ్లాను. వాడు అడిగినది మనుషులను గురించి, నేను చెప్పినది మట్టిని గురించి. ఆ ఊచల దగ్గర నిలబడినప్పుడు వాడే గుర్తు వచ్చాడు. వాడికి ఇవ్వవలసిన జవాబు ఆ గేటు లోపల ఉన్నది. అందుకే ఆ ఒక్క పూటను ఒక రోజు చేయమంటున్నాను.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలకు తలా ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు కొనిపెట్టండి. ఎక్కడికి వెళ్లినా మూడు ప్రశ్నలు రాసుకోమనండి: ఊరు ఇక్కడే ఎందుకు ఉన్నది? ఎవరు కట్టారు? ఎవరు వచ్చారు, ఎవరు పోయారు?

ప్రయాణం లేని పిల్లలకూ పని ఉన్నది. ఒకటి: మన దేశపు గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. మారిషస్ గడియారం 60 డిగ్రీల రేఖాంశాన్ని పట్టి నడుస్తుంది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. మనకు ఉదయం 10 గంటలయితే అక్కడ ఎంత? రెండు: మీ ఊరి నుంచి పూర్వం బర్మాకో, మారిషస్‌కో, ఫిజీకో, దక్షిణాఫ్రికాకో వెళ్లినవారు ఉన్నారేమో, మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి. ఎవరైనా అటువంటి ప్రశ్న అడిగితే ఈసారి "కూర్చో" అనను.

రాజమండ్రి అమ్మాయీ, నీవు తిరిగి వచ్చాక ఆ మెట్ల బొమ్మ ఒకటి గీసి పంపు. నేను లోపలికి వెళ్లి చూడలేదు గదా!

మీ
దిక్సూచి తాతయ్య