చేతికుట్టు వెల

పట్టణములలో చదువుకొన్న యువతీయువకులు తోలు తెచ్చి, సూది పట్టి, తమ పర్సులను తామే కుట్టుకొనుట యిటీవల నొక వేడుకయైనది. మేమిందులకు సంతోషించుచున్నాము. తోలు ముట్టినవాడు స్నానము చేసిగాని గడప దాటరాదన్న యిండ్లలోని మనుమలే నేడు ఆరె చేతబట్టుచున్నారు. అయితే ఆ ఆరెను పట్టణమున పట్టినచో కళ యనియు, పల్లెలో పట్టినచో కులవృత్తి యనియు పిలుచుట యేమి న్యాయము? కళకు వేలరూపాయలును, కులవృత్తికి చిల్లరడబ్బులును ముట్టుట యేమి లెక్క?

పని యెట్టిదో తెలిసినగాని వెల తెలియదు. పచ్చి చర్మమును సున్నపునీట నానబెట్టి, వెండ్రుకలు గీకి, తంగేడుచెక్క, తుమ్మచెక్క, కరక్కాయల కషాయములో వారములతరబడి యుంచినగాని అంచు తీరిన గట్టితోలు రాదు. మన పల్లెల లందలలో జరుగుచుండినది ఈ పనియే. క్రోమియము లవణములతో నిది ఒకటి రెండు దినములలో ముగియును. ఇక కర్మాగారముల మురుగు పాలారును, దాని యొడ్డు భూములను పాడుచేసిన వైనము 1996లో వెల్లూరు పౌరుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో వివరముగా నున్నది, చదువదలచినవారు చదువుకొనవచ్చును.

ప్రస్తుతపు 500 రూపాయల నోటు నిడివి 150 మిల్లీమీటర్లు, వెడల్పు 66. నోటు సులువుగా దూరునట్లు చుట్టును చోటు విడిచి, పైపొరను మిల్లీమీటరు మందపు తోలుతోను, లోపలి అరలను అంతకంటె పలుచని దానితోను కోయవలెను. పొరలు కలియుచోట రంపెతో అంచు చెక్కి పలుచన చేయనిచో పర్సు ఉబ్బి జేబులో నిమడదు. ఇచ్చట చేయి జారెనా, తోలంతయు వ్యర్థమే. పిమ్మట అంచునుండి సమదూరమున గీత గీసి, పండ్లుగల యినుపముట్టుతో 4 మిల్లీమీటర్లకొక గుర్తు కొట్టి, ఆరెతో బెజ్జములు పొడుతురు. మైనము రుద్దిన ఒక్క దారమునకు రెండు కొనలయందు రెండు సూదులు. ప్రతి బెజ్జమునను ఆ రెండును ఎదురెదురుగా దూరవలెను. మూడువైపుల కుట్టు 38 సెంటీమీటర్లనుకొన్నచో బెజ్జములు సుమారు 95. సూది దూర్చవలసినది 190 మారులు. ఒకమారు గట్టిగాను, ఒకమారు వదులుగాను లాగినచో వరుస వంకర తిరుగును. యంత్రపుకుట్టులో పైదారమును క్రిందిదారమును తోలు నడుమ మెలివడి యుండును. ఒకచోట తెగినచో ఇరుగుపొరుగు కుట్లు వదులగును. చేతికుట్టులో నొక దారము తెగినను రెండవది యదే బెజ్జములో పట్టియుండును. కొనువాడు వెల యిచ్చునది యీ పట్టునకే.

చెట్టునీడను కూర్చుండి మన చెప్పులు బాగుచేయువాడు సాధారణముగా కొక్కెపు ఆరెతో దారము లాగును. రెండుసూదుల పద్ధతి యతనికి క్రొత్తదైనను, తోలు ఎచట సాగునో ఎచట సాగదో యెఱిగిన చేతికి అది యెంతపని! అయినను ఉపాధ్యాయుడన్న పేరును, రుసుమును అతనికి రావు.

2025లో ప్రాడా సంస్థ మిలాను నగర ప్రదర్శనమున కొల్హాపురి చెప్పులవంటివానిని ఊరుపేరు చెప్పకుండ చూపినపుడు దేశమంతయు కోపించినది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనమది; కోపము న్యాయమే. కాని ఆ కోపించినవారిలో నెందఱు తమ వీధిమూలనున్న పనివానితో అయిదు రూపాయలకై బేరమాడుట మానిరి?

వృత్తిలోనే యుండుమని యెవ్వరిని శాసించుటకును మాకధికారము లేదు. రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955 నాటి పౌరహక్కుల చట్టమునకు 1976లో చేర్చిన 7ఏ విభాగము, అంటరానితనము పేర చచ్చిన పశువును మోయుమని, తోలు తీయుమని నిర్బంధించుటను నేరముగా చేసినది. ఐనను 2016లో గుజరాతులోని ఊనాలో, చచ్చిన ఆవు చర్మము తీసినందులకే దళితులను కట్టి కొట్టిరి. తీయకున్న నిర్బంధము, తీసిన దెబ్బలు! ఇట్టి వృత్తిని విడిచి బిడ్డను కళాశాలకు పంపిన తండ్రిని మేమభినందింతుము. ఇష్టపడి నిలిచినవానికి మాత్రము తగిన కూలి ముట్టవలెను.

2023లో వచ్చిన పి.ఎం. విశ్వకర్మ పథకమున చెప్పులు కుట్టువారికి పనిముట్లకై 15,000 రూపాయలవరకు సహాయము కలదు. పనిముట్లు వచ్చును సరే, పని యెవరిచ్చెదరు? ఈ విద్య నేర్పు పట్టణశాలలు వారిని రుసుమిచ్చి బోధకులుగా పిలువవలెను. న్యాయవాద సంఘములును, కళాశాలలును కానుకలుగా పంచు పర్సులను వారిచేతనే కుట్టింపవలెను. తోలు వెల వేరుగను, కుట్టుకూలి వేరుగను కాగితముమీద వ్రాసి, సగము ముందుగా చెల్లింపవలెను. లోపలి అరపై కుట్టినవాని పేరు అచ్చు వేయించుటకు పట్టునది యొక నిమిషము.