అరవై కొట్టాడు సరే... ఎన్ని విసిరితే?

క్రికెట్‌లో ఎవరైనా సెంచరీ కొట్టాడనగానే మనం వెంటనే అడిగేది 'ఎన్ని బంతుల్లో?' అని. బాస్కెట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న మరిచిపోతాం. టీవీలో పాయింట్లు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. వాటికి ఎన్ని షాట్లు ఖర్చయ్యాయో ఎవరికీ పట్టదు.

లాస్ ఏంజెలిస్ లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్‌నే తీసుకుందాం. 2006 జనవరి 22న టొరంటో జట్టుపై ఒక్కడే 81 పాయింట్లు సాధించాడు. 2016 ఏప్రిల్ 13న తన చివరి మ్యాచ్‌లో యూటా జట్టుపై 60 కొట్టాడు. రెండూ సొంతగడ్డపైనే. రెండింటా గెలిచింది లేకర్సే. చూసినవాళ్లకు రెండూ పండగే. లెక్క వేస్తే మాత్రం తేడా బయటపడుతుంది.

పాత పద్ధతి తేలిక. ఎన్ని షాట్లు వేశాడు, ఎన్ని పడ్డాయి? 2006లో 46కు 28 పడ్డాయి, అంటే దాదాపు 61 శాతం. 2016లో 50కి 22, అంటే 44 శాతం.

అయితే ఈ లెక్కలో ఓ లోపముంది. ఎన్‌బీఏలో 1979-80 సీజన్ నుంచి దూరం షాటుకు మూడు పాయింట్లు ఇస్తున్నారు. దూరం నుంచి పది విసిరి నాలుగు వేసినవాడు 12 పాయింట్లు తెస్తాడు. దగ్గర్నుంచి పదిలో ఐదు వేసినవాడు తెచ్చేది 10. శాతం చూస్తే మాత్రం రెండోవాడే గొప్ప! పైగా ఫ్రీ త్రోలు ఈ లెక్కలోకే రావు.

అందుకే 'ట్రూ షూటింగ్' అనే కొలత వచ్చింది. ఫ్రీ త్రోల సంఖ్యను 0.44తో గుణించి షాట్ల సంఖ్యకు కలపాలి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దాంతో పాయింట్లను భాగించాలి. 0.44 ఎందుకంటారా? మామూలుగా రెండు ఫ్రీ త్రోలకు జట్టు ఒక అవకాశం వాడుకున్నట్టు. బాస్కెట్ పడ్డాక అదనంగా దొరికే ఫ్రీ త్రోకు మాత్రం కొత్త ఖర్చేమీ లేదు. కాబట్టే సగం కన్నా కాస్త తక్కువ.

కోబీ 2006లో 20 ఫ్రీ త్రోలు, 2016లో 12 వేశాడు. అవీ కలిపితే మొదటి రోజు 73.9 శాతం, రెండో రోజు 54.3.

మనకిది కొత్త లెక్క కాదు. ఇంటికి ఎంత పంపామో ఊళ్లో అందరికీ తెలుసు. ఎన్ని గంటల ఓవర్‌టైమ్ చేస్తే, ఎన్ని సెలవులు వదులుకుంటే ఆ సొమ్ము వచ్చిందో మనకే తెలుసు.

అలాగని శాతమే సర్వస్వం అనుకోకూడదు. ఆ రోజు కోబీకి 37 ఏళ్లు. ఆ సీజన్‌లో లేకర్స్ 17 గెలిచి 65 ఓడింది. ఇరవై సీజన్లు ఒకే జట్టుకు ఆడినవాడికి వీడ్కోలు కదా, సహచరులే పదేపదే బంతి అందించారు. చివరి క్వార్టర్‌లో 23 పాయింట్లు కొట్టి, వెనకబడ్డ మ్యాచ్‌ను 101-96తో గెలిపించాడు. ఇవేవీ ఆ 54.3లో కనిపించవు.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు పాయింట్ల పక్కనున్న షాట్ల అంకెనూ ఓసారి చూద్దాం. ఆ షాట్లు ఎందుకు వేయాల్సి వచ్చిందో కూడా కనుక్కుందాం.