మా వైపు బిర్యానీకి రాకండి

హైదరాబాద్‌లో ఎక్కడ ఏం తినాలో ఎవరు రాసినా చార్మినార్ దగ్గర మొదలుపెట్టి జూబ్లీహిల్స్‌లో ముగిస్తారు. మలక్‌పేట దాటి ఇటు రారు. వచ్చినా బిర్యానీ గురించే అడుగుతారు. మా చుట్టాలకు నేను చెప్పే మాట ఒకటే: మా వైపు బిర్యానీకి రాకండి. అది ఇక్కడా బాగానే దొరుకుతుంది కానీ, దానికోసం ఇంత దూరం రానక్కర్లేదు. పొద్దున టిఫినుకు రండి, సాయంత్రం మిర్చికి రండి, రాత్రి జొన్నరొట్టెకు రండి.

విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు ఎల్బీనగర్ చౌరస్తాలో కలుస్తాయి. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ బస్సు దిగి, చాలామంది ఇక్కడే ఉండిపోయారు. సూర్యాపేట నుంచి గ్రూప్స్ కోచింగుకని వచ్చి చైతన్యపురి హాస్టల్లో చేరిన నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నాను. ఇక్కడి తిండి అంతా ఇలా ఊరు వదిలి వచ్చినవాళ్ల కోసం పుట్టిందే. అందుకే పచ్చిపులుసూ గోంగూర పచ్చడీ ఒకే గల్లీలో అమ్ముతారు.

టిఫిన్ బండి ఎంచుకోవడానికి బోర్డు చూడొద్దు, పల్లీ చట్నీ చూడండి. అది నీళ్లగా ఉంటే ముందుకు నడవండి. హాస్టల్ పిల్లలు నిలబడి తింటున్న బండి దగ్గర ఆగండి. వాళ్లకు రోజూ బయటి తిండే. కడుపు చెడితే క్లాసు పోతుంది కాబట్టి, నచ్చని బండి దగ్గరికి రెండోసారి రారు. ఎనిమిది దాటాక వెళ్తే వేడి వడ దొరకడం కష్టం.

మధ్యాహ్నం మెస్సుల్లో భోజనం బాగుంటుంది. అయితే ఈ ప్రాంతాన్ని నిలబెట్టింది కర్రీ పాయింట్ అంటాను. గదిలో చిన్న కుక్కర్‌లో అన్నం పెట్టుకుని, కిందికి దిగి ఒక పప్పు, ఒక వేపుడు కట్టించుకుని వస్తే ముగ్గురు తినేవాళ్లం. నెలాఖరున వేపుడు మానేసి సాంబారు తెచ్చుకునేవాళ్లం. ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన పిల్లల్ని సాకింది ఆ పాకెట్లే. పెద్ద హోటళ్ల గురించి రాసేవాళ్లు ఒక్కసారి వీటి గురించి కూడా రాయాలి.

సాయంత్రం మిర్చి దగ్గరికొస్తే ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలింది ఇలాంటి చోటే. ఒకటి 107 బస్టాపు దగ్గర, ఇంకోటి ఏ1 మిర్చి సెంటర్ దగ్గర. చదువులు, పనులు ముగించుకుని జనం ఏదో ఒకటి తిని ఇళ్లకు పోయే వేళ అది. పోయినవాళ్లలో విద్యార్థులూ ఉన్నారు. ఆ తర్వాత ఇక్కడ బండ్లు నడవవన్నారు. నడిచాయి. ఉల్లిపాయ చల్లి, నిమ్మకాయ పిండిన కట్ మిర్చి కోసం ఈ రోడ్డు మీద ఇప్పటికీ జనం నిలబడతారు. నేనూ నిలబడతాను.

కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయాక ఎండాకాలం సాయంత్రాల్లో మామిడిపండ్ల వాసన పోయింది. ఆ స్థలంలో ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి కావలసిందే. వాసన మాత్రం గుర్తొస్తూనే ఉంటుంది.

చీకటి పడ్డాక కొత్తపేట నుంచి వనస్థలిపురం దాకా రోడ్డు పక్కన పొయ్యిలు వెలుగుతాయి. ఒక్కో పొయ్యి దగ్గర ఒక అక్క జొన్నపిండిని అరచేతులతో కొడుతూ, తిప్పుతూ, పళ్లెమంత రొట్టె చేసి పెనం మీద వేస్తుంది. పైన తడిగుడ్డ అద్దుతుంది. కూర ఇంట్లో ఉందనుకున్నవాళ్లు రొట్టెలే కట్టించుకుపోతారు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినప్పటి నుంచి ఆఫీసు సంచులతో దిగేవాళ్లు పెరిగారు. షుగరున్న పెద్దలైతే రోజూ వస్తారు. అక్కడే తినాలంటే పొంగిన రొట్టె అడగండి, దాంతోపాటు ఎర్రకారం కూడా.

రోడ్డు వెడల్పు చేసినప్పుడో, పెద్దమనుషులెవరైనా వచ్చినప్పుడో మొదట తీసేయించేది ఈ పొయ్యినే. ఇది నాకు బాధే కాదు, కోపం కూడా. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే పూర్తి చేసి వెండింగ్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో రాసి ఉంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని కూడా ఉంది. పరిశుభ్రత విషయంలో గట్టిగా ఉండాలన్నవాళ్లతో నాకు పేచీ లేదు. 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ప్రభుత్వం నిషేధించినప్పుడు సమర్థించాను. కానీ చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేని చోట శుభ్రత ఎక్కడి నుంచి వస్తుంది? మెట్రో స్టేషన్ల పక్కన బండ్లకు స్థలం గుర్తించండి. అక్కడ ఒక నల్లా, ఒక డ్రైనేజీ కనెక్షన్, చెత్తడబ్బా పెట్టండి. నెలకింత అని రుసుము తీసుకోండి. పిండి కొట్టే అక్క అది కడుతుంది, రసీదు కూడా అడుగుతుంది.