మోకాలు నొప్పా? తుంటి కూడా చూపించండి!

"అమ్మా, మోకాలు నొప్పి" అంటాడు పిల్లాడు. "రోజంతా వీధిలో గెంతితే నొప్పి పుట్టదూ!" అంటాం మనం. కాస్త ఆముదం వెచ్చచేసి రాసి పడుకోబెడతాం. చాలాసార్లు తెల్లారేసరికి తగ్గిపోతుంది కూడా. మరి తగ్గకపోతే? ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

మా చెల్లెలి కొడుక్కి అప్పుడు ఆరేళ్ళు. బడి నుంచి కొంచెం కుంటుతూ వచ్చేవాడు. ఎక్కడ్రా నొప్పి అంటే మోకాలు చూపించేవాడు. రెండు నెలలు మర్దనలతోనే గడిచిపోయాయి. "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అంది వాళ్ళ నాయనమ్మ. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. చివరికి ఒక ఎముకల డాక్టరుగారు వాణ్ణి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు పక్కకి జరిపి, లోపలికి తిప్పి చూశారు. కాలు సరిగ్గా తిరగలేదు. "మోకాలికి కాదమ్మా, తుంటికి తీయించండి ఎక్స్‌రే" అన్నారు. అప్పుడు బయటపడింది, పెర్తిస్ జబ్బు అని.

తుంటిలో లోపం ఉంటే నొప్పి మోకాల్లో ఏమిటి అనుకుంటున్నారా? తుంటికి వెళ్ళే నరాల్లో కొన్ని మోకాలికీ వెళతాయి. అందుకే పిల్లలు నొప్పి పుట్టినచోటు కాక మరోచోటు చూపిస్తారు.

రుబ్బురోట్లో పొత్రం చూడండి. గుండ్రంగా ఉన్నంతకాలం హాయిగా తిరుగుతుంది. తొడ ఎముక తల కూడా తుంటి గుంటలో అలాగే తిరుగుతుంది. ఈ జబ్బులో ఆ తలకి రక్తం అందడం తగ్గి, ఎముక చచ్చుబడి మెత్తబడుతుంది. తర్వాత శరీరమే మెల్లగా కొత్త ఎముకని కట్టుకుంటుంది. దానికి రెండు నుంచి నాలుగేళ్ళు పడుతుంది. ఈలోగా మెత్తటి తల నలిగి చదునైపోతే, పెద్దయ్యాక కీలు అరిగి బాధపెడుతుంది. వైద్యమంతా ఆ గుండ్రం చెడకుండా కాపాడటానికే.

ఒకప్పుడు దీన్ని కీలు క్షయ అనుకునేవారు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టాక లోపలి ఎముక కంటికి కనబడింది. 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్సులో కాల్వే, జర్మనీలో పెర్తిస్ ఎవరికి వారే ఇది క్షయ కాదని రాశారు. రక్తం ఎందుకు అందదో మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఎక్కువగా నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల్లో వస్తుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నాలుగైదు రెట్లు ఎక్కువ. అంటువ్యాధి కాదు.

వైద్యం అందరికీ ఒకటి కాదు. ఆరేళ్ళలోపు పిల్లలకి చాలామందిలో గెంతులు మాన్పించి, వ్యాయామాలు చేయిస్తూ, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి చూస్తే సరిపోతుంది. ఎనిమిది దాటితే ఆపరేషను అవసరం ఎక్కువ. మావాడికి రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, మధ్యలో కర్ర కట్టి, ఆరు వారాలు పిండికట్టు వేశారు. మా చెల్లెలు పక్కలు విప్పి నాడాలు కుట్టిన నిక్కర్లు తొడిగేది. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేది. కట్టులోపల దురదని పుల్ల పెట్టి గోకనిచ్చేది కాదు. లోపల పుండు పడితే కనిపించదు మరి!

అన్నిటికంటే కష్టం కట్టు విప్పాక వచ్చింది. నొప్పి లేదు, వాడు పరుగెత్తుతానంటాడు. ఎముక ఇంకా గట్టిపడలేదు. "వీడికి నచ్చచెప్పలేకపోతున్నానక్కా" అని ఏడ్చేది. చివరికి డాక్టరుగారినే అడిగి ఈత నేర్పించింది. ఈత, సైకిలు కీలుకి మంచివేనట. నొప్పి తగ్గిందని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేయకండి. అసలు పని అప్పుడే జరుగుతూ ఉంటుంది.

"పాలు సరిగ్గా పట్టలేదేమో, ఎత్తుకున్నప్పుడు జారిందేమో" అని మా చెల్లెలు తనని తాను తిట్టుకోని రోజు లేదు. ఇది తల్లి చేసిన తప్పు కాదమ్మా. మన చేతిలో ఉన్నది తొందరగా గమనించడమే.

ఇవి గుర్తుంచుకోండి:

* వారం దాటినా కుంటు తగ్గకపోతే, నొప్పి లేకపోయినా సరే, చూపించండి.
* బాసింపట్టు వేసి కూర్చున్నప్పుడు ఒక మోకాలు పైకి లేచి ఉంటోందేమో చూడండి.
* మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. కుంటు తగ్గకపోతే మళ్ళీ వెళ్ళండి.
* జ్వరంతోబాటు కాలు కింద మోపలేకపోతే మర్నాటిదాకా ఆగకండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మావాడికిప్పుడు పదేళ్ళు. మొన్న పండక్కి మా పెరట్లో జామచెట్టెక్కాడు. కింద నించున్న మా చెల్లెలు అరవడం మర్చిపోయి, వాడి కాళ్ళకేసే చూస్తూ ఉండిపోయింది.