అడిగి ఎత్తుకుందాం



ఎల్‌కేజీ పిల్లలకు మేం మొదటి వారంలోనే నేర్పే మాట "మే ఐ కమిన్, మేడమ్?" తలుపు తెరిచే ఉన్నా, అడిగాకే లోపలికి రావాలి. 26 వారాల ప్రసూతి సెలవు ముగించుకొని ఈ నెలలో మళ్లీ క్లాసులో అడుగుపెట్టాక, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒకటి అనిపిస్తోంది. నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకునే ముందు పెద్దవాళ్లం మనం ఆ మాత్రం కూడా అడగం.

నా పురుడు మా అమ్మగారి ఊరు మాడుగులపల్లిలో జరిగింది. సద్దుల బతుకమ్మ నాటికి పాపకు 33 రోజులు. హైదరాబాద్ నుంచి, మిర్యాలగూడ నుంచి బంధువులంతా వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉయ్యాల దగ్గరికి వెళ్లారు. పాప ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూనే ఉంది. బుగ్గలు పుణికారు, ముద్దులు పెట్టారు. ఒకరు తేనె నాకించబోతే అమ్మ ఆపింది. ఇంకొకరికి జలుబు ఉందని నాకు తెలుస్తూనే ఉంది. "వద్దు" అనే మాట గొంతు దాకా వచ్చింది. అక్కడున్న వాళ్లందరిలో నేనే చిన్నదాన్ని. అనలేకపోయాను.

దసరా మర్నాడు పాప పాలు తాగలేదు. ఆ వయసు బిడ్డలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ముక్కు మూసుకుపోతే పాలు పీల్చలేరు. రాత్రికి రాత్రి మిర్యాలగూడ తీసుకెళ్లాం. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నాం. జలుబు ఎవరి నుంచి అంటిందో చెప్పలేం, నేను ఎవరినీ తప్పు పట్టను. నోరు తెరవలేకపోయానన్నదే ఇప్పటికీ నా బాధ.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? మేం పెరగలేదా?" అంటారు. నిజానికి మీ కాలంలోనే ఉన్నాయి. 21 రోజులు బాలింతకు, బిడ్డకు వేరే గది. గడపకు వేపాకులు. బయటి నుంచి వస్తే కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే లోపలికి. దానికి మైల అని పేరు పెట్టడం నాకు నచ్చదు. కానీ ఆ ఎడం, ఆ విశ్రాంతి తల్లీబిడ్డలకు మేలే చేశాయి. ఇప్పుడు మనం ఆ ఎడం వదిలేశాం, తేనె చుక్క మాత్రం వదల్లేదు. ఏడాది నిండేవరకు బిడ్డకు తేనె పెట్టకూడదు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వల్ల పసిపిల్లలకు బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

ఇంకో సంగతి. కోరింత దగ్గు రాకుండా వేసే టీకా మొదటి డోసు ఆరు వారాలకు గానీ ఇవ్వరు. తర్వాతివి పది, పద్నాలుగు వారాలకు. మనకు మామూలు దగ్గు అనిపించేది, టీకా పడని బిడ్డకు ప్రాణం మీదికి రావచ్చు. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, ఎగపోస్తున్నా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి.

అలాగని బంధువులు రావద్దని నేననను. బయట బతుకమ్మ పాటలు వినిపిస్తుంటే లోపల మంచం మీద ఒక్కదాన్నే కూర్చున్న సాయంత్రం నాకు తెలుసు. బాలింతకు మనుషులు కావాలి. కానీ ఆ రోజు పాపను ఎత్తుకోవడానికి పదిమంది ఉన్నారు, గుడ్డలు ఉతకడానికి మా అమ్మ ఒక్కతే ఉంది. పసిబిడ్డను చూడటానికి వెళ్తే ముందు తల్లి దగ్గర కూర్చోండి. తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. బకెట్‌లో నానుతున్న గుడ్డలు ఉతికి ఆరేయండి. అంతకన్నా మంచి కట్నం లేదు.

సంక్రాంతికి మా ఇంట్లో పద్ధతి మారింది. మా నాన్న వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నారు. పక్కన బకెట్ నీళ్లు, సబ్బు. "ముందు చేతులు, తర్వాత మనవరాలు" అన్నారు నవ్వుతూ. ఎవరూ నొచ్చుకోలేదు. జలుబు చేసిన మా చిన్నమ్మ తనంతట తానే గుమ్మం దగ్గర ఆగి, పాపను చూసి మురిసిపోయి, సకినాల డబ్బా నా చేతికిచ్చి వెళ్లింది. అదే మాట దసరాకు నేను అనుంటే "చదువుకున్న పిల్ల, పొగరు" అనేవారేమో. నాన్న అంటే అది ఇంటి పద్ధతి అయింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. "వద్దు" అనే భారం బాలింత మీద వేయకండి. ఆ మాట భర్త అనాలి, తాత అనాలి, అత్తమ్మ అనాలి. ఇంటి పెద్ద చెబితే మర్యాదగా ఉంటుంది, అందరూ వింటారు.

మీ ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లో ఉంటే, మా స్కూలుకు వచ్చే మీ అబ్బాయినో అమ్మాయినో కూడా ఇందులో కలపండి. క్లాసులో ఒకరికి జలుబు చేస్తే పదిమందికి అంటుతుంది. స్కూలు నుంచి రాగానే యూనిఫాం మార్చి, చేతులు కడుక్కొని, "అమ్మా, ఎత్తుకోనా?" అని అడిగే అలవాటు చేయండి. తర్వాత తప్పకుండా ఎత్తుకోనివ్వండి.

ఉగాది వస్తోంది, ఆ వెంటే వేసవి సెలవులు. మీరు వెళ్లే ఏదో ఒక ఇంట్లో ఉయ్యాల ఊగుతూ ఉంటుంది. తలుపు తెరిచే ఉంటుంది. అయినా అడగండి.