చెయ్యి మంచిది కాదట!

ఇంట్లో మొక్క ఎండిపోతే మనవాళ్ళు కారణం అడగరు, తీర్పు చెప్తారు. "ఏంటో, ఈ అమ్మాయి చేతిలో ఏ మొక్కా బతకదు." ఆ మొక్క కొనుక్కొచ్చింది ఎవరు, టీవీ పక్కన చీకటి మూలలో పెట్టమన్నది ఎవరు, రాత్రంతా ఏసీ వేసుకుని పడుకున్నది ఎవరు, ఇవేవీ లెక్కలోకి రావు. మొక్క అందరిదీ, చచ్చిపోయాక చెయ్యి మాత్రం ఆడదానిది.

డాక్టర్లకి హస్తవాసి అంటాం. ఆ మాటని ఎప్పుడూ పొగడ్తకే వాడతాం. జబ్బు తగ్గకపోతే "ఆలస్యంగా తీసుకెళ్ళాం, వయసు మీద పడింది" అని డాక్టరుగారి తరఫున మనమే సర్దిచెప్పుకుంటాం. అదే కోడలు పెంచిన మొక్క దగ్గరికి వచ్చేసరికి సర్దిచెప్పేవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఈ చేతిగుణం అనే మాటని మన ఇళ్ళలోంచి బయటికి పంపించాలని నా వాదన. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

మన పెరళ్ళలో పెరిగినవి మందారం, నందివర్ధనం, గన్నేరు, కరివేపాకు. మన ఎండకి, మన మట్టికి అలవాటుపడ్డ మొక్కలు. నాలుగు రోజులు మర్చిపోయినా కోపగించుకోవు. ఇప్పుడు ఇళ్ళలోకి వస్తున్నవి అలాంటివి కావు. కాలాథియా అని ఒకటుంది. ఆకుల మీద ముగ్గు వేసినట్టు గీతలు, రాత్రయితే ఆకులన్నీ చేతులు జోడించినట్టు పైకి ముడుచుకుంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దాని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వర్షారణ్యాలు. పెద్ద చెట్ల కింద, ఎప్పుడూ చెమ్మగా ఉండే గాలిలో, వాననీళ్ళు తాగి పెరిగే మొక్క అది. దాన్ని తెచ్చి హైదరాబాదులో మే నెల వడగాలికి అప్పజెప్తాం. మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది. పైగా ఏసీ, ఉన్న ఆ కాస్త తేమనీ లాగేస్తుంది. ఆకు అంచులు మాడక ఏం చేస్తాయి చెప్పండి?

ఇక నీళ్ళు. మన బోరు నీళ్ళు ఎలాంటివో తెలియాలంటే పరీక్షలు అక్కర్లేదు, బాత్రూమ్ కుళాయి అంచున పేరుకున్న తెల్లటి గార చూస్తే చాలు. ఆ ఉప్పే కుండీలోనూ పేరుకుంటుంది. నీటి ఫిల్టరు వదిలేసే వృథా నీళ్ళని బకెట్లో పట్టి మొక్కలకి పోసే ఇళ్ళు చాలా ఉన్నాయి. నీళ్ళు పారబోయకూడదన్న ఆలోచన మంచిదే కానీ, వడబోతలో పక్కకి తీసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. కాలాథియా లాంటి మొక్కలకి అది విషంతో సమానం. ఏసీ పైపులోంచి కారే నీళ్ళు అంతకంటే ఎంతో నయం. అవి గాలిలోని తేమే కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. వాననీళ్ళయితే ఇంకా మంచిది. ఇందులో చేతిగుణం ఎక్కడుంది? ఉన్నదంతా నీటిగుణమే.

"నీడలో పెరిగే మొక్కండీ, ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అని అమ్ముతారు. ఎండలో వెలుతురు లక్ష లక్సుల దాకా ఉంటుంది. అదే హాలు మధ్యలో వందల్లోకి పడిపోతుంది. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి మనకి ఇల్లంతా వెలుగుగానే కనిపిస్తుంది. ఆకు మాత్రం ఆ వెలుతురుతోనే తిండి వండుకోవాలి. ఫిడిల్ లీఫ్ ఫిగ్ అని పెద్ద పెద్ద ఆకులున్న మొక్క ఇప్పుడు ప్రతి ఇంటీరియర్ ఫోటోలోనూ ఉంటుంది. అది పశ్చిమ ఆఫ్రికా అడవి చెట్టు, మన మర్రికీ రావికీ మేడికీ చుట్టం. మర్రిమొక్కని సోఫా వెనకాల పెంచమంటే ఎవరైనా నవ్వుతారు. దీన్ని మాత్రం వేలు పోసి కొని, ఆకులు రాలిపోతుంటే ఇంటావిడ వైపు చూస్తారు.

మన తెలుగునేల మీద నర్సరీలంటే కడియమే. గోదావరి గాలికి, గ్రీన్ నెట్ కింద, రోజంతా చూసుకునే మనుషుల చేతుల్లో పెరిగిన మొక్క లారీ ఎక్కి, దక్కను పీఠభూమి మీద ఐదో అంతస్తు ఫ్లాట్‌కి వస్తుంది. వచ్చిన వారంలో నాలుగాకులు రాల్చడం దానికి సహజం. అత్తారింటికి వచ్చిన కొత్తలో మనం మాత్రం చిక్కిపోలేదా? ఆ వారమే మనవాళ్ళకి కంగారు. వాడిపోయిందని ఒకరు చెంబుడు పోస్తారు, పాపం దాహమేస్తోందేమోనని మామగారు ఇంకో గ్లాసు, బడి నుంచి వచ్చిన పిల్లలు వాటర్ బాటిల్లో మిగిలినవి. వేరుకి నీళ్ళెంత కావాలో గాలీ అంతే కావాలి. కుండీ మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేరు కుళ్ళిపోతుంది, కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేక ఆకు మళ్ళీ వాడిపోతుంది. అది చూసి ఇంకో చెంబు. చివరికి చచ్చేది నీళ్ళు లేక కాదు, ప్రేమ ఎక్కువై. పేరు మాత్రం ఒక్కరికే.

"అలా అనకండి, కొందరి చెయ్యి నిజంగానే మంచిది, మా అమ్మమ్మ గుచ్చిన పుల్ల కూడా చిగురించేది" అంటారు కొందరు. చిగురించే ఉంటుంది, కాదనను. కానీ ఆవిడ ఏం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి ఒక్కో ఆకూ తిరగేసి చూసేవారు. మట్టిలో వేలు పెట్టి తడి ఉందో లేదో చూశాకే నీళ్ళు పోసేవారు. బియ్యం కడిగిన నీళ్ళు ఏ పాదులో పొయ్యాలో, ఏ కొమ్మ ఏ నెలలో తుంచాలో ఆవిడకి లెక్క ఉండేది. అది ఏళ్ళ తరబడి చేసిన గమనింపు, రోజూ చేసిన చాకిరీ. దానికి "చెయ్యి మంచిది" అని పేరు పెట్టి అదృష్టం ఖాతాలో వేసేశాం. ఆవిడ పనితనాన్ని తీసేసుకున్నదీ ఆ మాటే, ఇవాళ కోడల్ని తప్పుపడుతున్నదీ ఆ మాటే.

ఇక్కడితో ఆగితే నేనింత రాసేదాన్ని కాదు. ఇదే మాట ఇంకాస్త ముదిరితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. నెలసరి రోజుల్లో ఆడపిల్ల ముట్టుకుంటే తులసి ఎండిపోతుందంటారు. పన్నెండేళ్ళ పిల్లని కోట దగ్గరికి వెళ్ళొద్దంటారు. తులసి చలికాలంలో, వెన్నులు వేసి గింజ కట్టాక, దానంతటదే నీరసిస్తుంది. వెన్నులు తుంచేస్తుంటే ఎక్కువ కాలం పచ్చగా ఉంటుంది. చలిలో కూడా రోజూ రెండు పూటలా చెంబెడు పోస్తే వేరు కుళ్ళుతుంది. ఇన్ని కారణాలు కళ్ళెదురుగా ఉంటే, ఇంట్లో ఎదిగే పిల్ల ఒంటి మీదికి తోసెయ్యడం మనకి సులువైపోయింది. ఆ పిల్ల తన శరీరంలో ఏదో విషముందని నమ్ముతూ పెరుగుతుంది. కోడలి చెయ్యి మంచిది కాదనే మాటా, ఈ మాటా ఒకే వేరు నుంచి వచ్చినవి. ఒకటి ఉంచుకుని రెండోది తీసేస్తామంటే కుదరదు.

"ఇంట్లో ఉంటే గాలి శుభ్రమవుతుంది కదండీ, అందుకే తెచ్చాను" అంటారు మగవాళ్ళు. 1989లో నాసా వాళ్ళు చేసిన పరీక్ష పేరు చెప్పి అమ్ముతున్నారు ఈ మాటని. ఆ పరీక్ష జరిగింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి పాత పరీక్షలన్నీ కలిపి లెక్క వేస్తే, మామూలుగా లోపలికీ బయటికీ ఆడే గాలి చేసే పనికి సాటిరావాలంటే ఒక్కో చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అన్ని మొక్కలు పెడితే మనం మెట్ల మీద కాపురం పెట్టాలి. కిటికీ తెరవండి, చాలు.

మొక్కలు వద్దని కాదు నేననేది. తెచ్చినవాళ్ళే చూసుకోవాలంటున్నాను. తెచ్చే ముందు ఇంట్లో కిటికీ ఎటువైపు ఉందో చూడండి. కుండీకి అడుగున చిల్లు ఉందో లేదో చూడండి. ఎవరు నీళ్ళు పోస్తారో ఆ ఒక్కరి పేరు ముందే అనుకోండి, మిగిలినవాళ్ళు చెంబు ముట్టుకోవద్దు. గృహప్రవేశానికి బహుమతి ఇవ్వాలనుకుంటే ఆ ఇంటావిడకి అంత తీరిక ఉందో లేదో కనుక్కుని ఇవ్వండి. తీరిక లేదంటే మనీ ప్లాంట్ ఇవ్వండి, పసిపిల్లలు నోట్లో పెట్టుకోని ఎత్తులో పెట్టమని ఒక మాట చెప్పండి, నోరు మండుతుంది.

ఈసారి మీ ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా మాడిన ఆకు పట్టుకుని "నీ చెయ్యి మంచిది కాదమ్మా" అంటే, కాఫీ ఇచ్చి, బాత్రూమ్ కుళాయి చూపించండి.