చిగుళ్ళు తగ్గితే కత్తే శరణ్యమా?

“పన్ను పొడుగైంది” అని మన ఇళ్ళలో అంటూంటారు. నిజానికి పన్ను పెరగలేదు, చిగురు వెనక్కు తగ్గి పంటి వేరు బయటపడింది. అందుకే చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. కత్తికి భయపడి దీన్ని ఏళ్ళ తరబడి ఓర్చుకొని, దక్కించుకోగలిగిన పళ్ళను పోగొట్టుకొనేవారు మనలో ఉన్నారు గనుక ఈ నెల ఈ విషయం ఎత్తుకొన్నాము.

దీనికి ముఖ్యకారణాలు రెండు. పంటిగార పేరుకొని చిగురు వాచి, లోపలి ఎముక కరగడం ఒకటి. గట్టి బ్రష్షుతో రంపం కోసినట్లు అడ్డంగా తోమడం రెండవది. పొగాకు మొదటిదానికి బలం ఇస్తుంది. లుంగీలతోపాటు బీడీలకూ పేరుపడ్డ గుడియాత్తంలో ఈ మాట గట్టిగానే చెప్పాలి. పొగతాగేవారికి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది. అందుచేత జబ్బు ముదిరినా తెలియదు.

తగ్గిన చిగురు తనంతట తాను పెరగదు. ఉప్పునీళ్ళు కాస్త ఉపశమనం ఇస్తాయి, అంతే. అయినా అందరికీ కోత అక్కరలేదు. గార తీయించి, వేరు శుభ్రం చేయించి, మెత్తని బ్రష్షును చిగురు అంచున ఏటవాలుగా ఆనించి మెల్లగా తోముకొంటే చాలామందికి జబ్బు అక్కడితో ఆగుతుంది.

వేరును కప్పవలసి వస్తే అంగిలి నుంచి పొర తీసి అతకడం పాత పద్ధతి. నోట్లో రెండుచోట్ల పుండు మానాలి. కాలిఫోర్నియా దంతవైద్యుడు జాన్ చౌ 2012లో మరొక పద్ధతి ప్రకటించారు. మత్తుసూది వేసి, రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, దాని గుండా చిగురును వదులుచేసి వేరుమీదికి జరుపుతారు. కదలకుండా లోపల కొల్లాజెన్ పీలికలు పెడతారు. అంగిలి జోలికి పోనక్కరలేదు. అయితే పళ్ళమధ్య ఎముక కరిగినవారికి ఏ పద్ధతిలోనూ వేరు పూర్తిగా కప్పబడదు. చిగురు మరీ పలచనైతే అంగిలి పొరే మేలు కావచ్చు.

1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో ప్రారంభించిన రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో దంతవైద్య విభాగం ఉన్నది. అక్కడికి పోయినా, మీ వీధి దంతవైద్యుని వద్దకు పోయినా మూడు ప్రశ్నలు అడగండి: నా చిగురు ఎందుకు తగ్గింది? ఎముక ఎంత మిగిలింది? కోత లేకుండా ఆపవచ్చునా?

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దని మా మనవి.